పేరు లేని వాగు కోసం మూడు రోజులు

జహీరాబాద్ మీదుగా వెళ్లినవాళ్లు చాలామంది ఉంటారు. జహీరాబాద్‌కు వెళ్లినవాళ్లు తక్కువ. హైదరాబాద్ నుంచి ముంబయి పోయే హైవే మీద బస్సు ఆగుతుంది, జనం దిగి టీ తాగుతారు, డ్రైవరు హారన్ కొడతాడు, సగం టీ పారబోసి ఎక్కేస్తారు. నేను మాత్రం అక్కడ మూడు రోజులున్నాను. ఒక వాగుకు పేరు కనుక్కోడానికి వెళ్లాను.

ఈ మాట చెప్పినప్పుడు మా ఆవిడ నా వైపు కాసేపు చూసి, "దీనికి జీతం ఇస్తారా?" అని అడిగింది. ఇస్తారు. మా కన్సల్టెన్సీ ఆఫీసు మునిసిపాలిటీలకు మంచినీళ్ల పైపులు ఎటు పోవాలో, మురుగు ఎటు పోవాలో, రేపు ఊరు ఎటు పెరగాలో చూపించే పటాలు తయారుచేస్తుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఆ పటాల మీద గీతలు గీయడం నా పని. నీలం గీత వాగు, ఎర్ర గీత రోడ్డు, గోధుమరంగు గీత మురుగు కాలువ. పన్నెండేళ్లుగా గీస్తున్నాను. గీసిన ఊళ్లలో చాలావాటిని చూడలేదు. వాటికీ నన్ను చూడాలన్న కోరిక ఉన్నట్టు తెలియలేదు.

జహీరాబాద్ పటంలో ఊరి శివార్న, ఝరాసంగం వెళ్లే దారి పక్కన, ఒక నీలం గీత ఉంది. అది నేనే గీశాను. ఉపగ్రహం తీసిన ఫోటోలో అక్కడ తడిగా, నల్లగా, వంపులు తిరుగుతూ ఒక చార కనిపించింది. దాని ఒడ్డున పచ్చగడ్డి ఉంది. నేల వాలు కూడా అటే ఉంది. వాగు అనిపించుకోడానికి ఏదైనా ఇంతకన్నా ఏం చేయగలదు? గీశాను. పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. పటాన్ని ఊరి జనం చూసుకోడానికి పెట్టారు. అభ్యంతరాలు చెప్పుకోడానికి శుక్రవారం ఆఖరు. ఆలోగా ఆ గడి నింపాలని మంగళవారం పొద్దున మా బాసు నన్ను బస్సెక్కించారు. "పేరు కనుక్కుని రా. దొరక్కపోతే నువ్వే ఒకటి పెట్టి రా" అన్నారు.

మాది అమలాపురం. అక్కడ పిల్లకాలువకు కూడా పేరుంటుంది, ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పడానికి ఇద్దరుంటారు, ఆ ఇద్దరికీ పడదు. కాబట్టి పేరు కనుక్కోవడం అరగంట పని అనుకున్నాను.

బస్టాండు ఎదుట

టీ పది రూపాయలు. ఊరి చుట్టూ అల్లం తోటలని విన్నాను కనుక, "టీలో అల్లం లేదేమండీ?" అని అడిగాను.

"అల్లమంత హైద్రాబాద్ పోతది సారూ. మాకేం మిగులుతది? ఇలాచీ ఏసిన, తాగుండ్రి" అన్నాడు టీ కొట్టాయన.

మా వైపు కొబ్బరికాయలదీ ఇదే కథ కనుక అర్థం చేసుకున్నాను. తర్వాత అసలు సంగతికి వచ్చాను. ఝరాసంగం దారి పక్కన పారే వాగు పేరేమిటి?

"గది పెద్దవాగు" అన్నాడాయన, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

బెంచీ మీద కూర్చున్న పంచె పెద్దమనిషి నవ్వాడు. "పెద్దవాగు ఏడున్నది, గీడున్నదా? పెద్దవాగు న్యాల్‌కల్ దిక్కు. ఇది మొగిలివాగు సారూ, రాస్కో."

"మొగిలివాగా? వాగెట్లయితది, నాలా అది" అన్నాడు ఇంకొకాయన.

నేను మూడూ రాసుకున్నాను. షేర్ ఆటో నడిపే మోయిన్ భాయ్ నాలుగోది ఇచ్చాడు, కానీ అది ఏదో చెరువు పేరులా అనిపించి అడిగితే, "చెరువుకు నీళ్లు ఏడికెళ్లి వస్తయ్ సాబ్? వాగుకెళ్లే గద" అన్నాడు. అదీ రాసుకున్నాను. ఆటోలో మేము తొమ్మిదిమందిమి ఉన్నాం, ఒక మేకను లెక్కలోకి తీసుకోకపోతే.

తర్వాత అర్థమైంది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి ఏదైనా అడిగితే తెలియదని చెప్పి ఉత్త చేతులతో పంపడం అక్కడ మర్యాద కాదు. దాహమని వస్తే నీళ్లిచ్చినట్టే, పేరు కావాలని వస్తే పేరిస్తారు. మా వైపైతే, "ఎందుకు? మీరెవరు? ఎవరి తాలూకు?" అని అడిగి, చివరికి పేరు చెప్పకుండా పంపుతారు. ఏది మేలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మోయిన్ భాయ్ దింపిన చోటు నుంచి చెరకు తోట గట్టు మీదుగా నడిచి వెళ్తే, సాయంత్రం నాలుగింటికి కనిపించింది. నా వాగు! ఒక బారెడు వెడల్పున, చీలమండ లోతున, ఎర్రగా పారుతోంది. నేను మౌస్‌తో ఎక్కడ వంపు తిప్పానో సరిగ్గా అక్కడే తిరుగుతోంది. గీత గీసినవాడికి ఇలాంటి ఆనందం జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? పైగా ఆ నీళ్లకు ఏదో మంచి వాసన ఉంది. ఊరి శివారు నీళ్లకు మంచి వాసన రావడం నా వృత్తిలో అరుదు. అనుమానించాల్సింది. ఎగువకు తల తిప్పకుండానే ఫోటో తీసి బాసుకు పంపాను.

రెండో రోజు, గీత ఉంది

బుధవారం పొద్దున వెడల్పు కొలవడానికి టేపు పట్టుకుని వెళ్లాను. వాగు లేదు.

ఎండిపోయింది అంటే అది వేరు. వాగు ఎండితే ఇసుక ఉంటుంది, గులకరాళ్లుంటాయి, కొంచెం పరువు ఉంటుంది. ఇక్కడ తడి ఆరుతున్న ఎర్రమట్టి, అందులో నా నిన్నటి చెప్పుల గుర్తులు. ఫోన్ తీసి చూశాను. నేను ఉన్న చోటు చూపించే చుక్క సరిగ్గా నీలం గీత నడుమ కూర్చుంది. అంటే పటం ప్రకారం నేను మోకాళ్ల దాకా కాకపోయినా చీలమండల దాకా మునిగి ఉన్నాను. వంద అడుగులు కిందికి నడిచాను, మళ్లీ పైకి నడిచాను. ఎక్కడికి వెళ్లినా చుక్క గీత మీదే ఉంది. మేమిద్దరమూ సరిగ్గానే ఉన్నాం, వాగే రాలేదు.

"ఏం పోగొట్టుకున్నరు సారూ?"

ఒడ్డున రేకుల షెడ్డు, దాని ముందు చదునుచేసిన జాగా, గోనె సంచులు. సంచుల మీద కూర్చుని నలభై, నలభై ఐదేళ్ల ఆవిడ ఒకరు నన్ను చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నారు.

"వాగునండి" అన్నాను.

ఆవిడ దిగ్గున లేచారు. "నేను గూడ దాన్నే ఎతుకుతున్న!"

ఆవిడ పేరు మహాదేవమ్మ. పుట్టిల్లు కర్ణాటకలో, బార్డరు దాటగానే. భర్త ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో క్యాంటీన్ పనికి వెళ్తారు. ఈ జాగా, అల్లం పని ఆవిడవి. షెడ్డులోంచి మడతలు పెట్టిన కాగితం తెచ్చి నా ముందు విప్పారు. మా పటంలో ముక్క, జిరాక్సు తీసింది. నీలం గీత నలుపైపోయింది కానీ వంపులు నావే.

"విత్తనం అల్లం పెట్టుకునేందుకు గట్టి అర్ర కడ్తమని దరఖాస్తిచ్చిన. ఈ రేకుల కింద పోయిన వానకు సగం విత్తనం మురిగిపోయింది సారూ. ఈయేడు గూడ మురిగితే పెట్టేందుకు విత్తనం ఉండది, విత్తనం లేకుంటె పంటుండది. ఆఫీసుకు పోతే ఏమన్నరు? అమ్మా, నీ జాగ పక్కకెళ్లి వాగు పోతున్నది, వాగుకు ఇటింత అటింత ఏం కట్టొద్దు, నీకేమన్న ఉంటె శుక్కురారం లోపట రాసియ్యి అన్నరు. నేనీడికొచ్చి ఇరవై ఏండ్లాయె. ఒక్కనాడు వాగు దాటి ఇంట్లకు రాలే. జర మీరన్న చూపెట్టుండ్రి, ఏడున్నది?"

"మీరు ఆఫీసోళ్లా?" అని కూడా అడిగారు. సర్వే వాళ్లమన్నాను. అది అబద్ధం కాదు. నిజానికి కొంచెం ఎడంగా ఉంటుంది, అంతే.

ఇద్దరం కలిసి వాగును వెతికాం. నిన్న సాయంత్రం చూశానని చెప్పి ఫోన్లో ఫోటో చూపించాను. ఆవిడ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, "ఇది మా జాగ తీర్గనే ఉన్నది గని మా జాగల వాగు లేదు గద" అన్నారు. నాకూ అదే అనిపించింది. నిన్న తప్పుదారిన వచ్చానేమో, మోయిన్ భాయ్ ఇంకో దారిలో దింపాడేమో, ఇలాంటి వంపులే ఉన్న ఇంకో చోటు ఉందేమో అని ఆలోచించాను. పట్టపగలు ఒక మనిషి వాగును పోగొట్టుకోవడం ఎలా సాధ్యమో ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

పదకొండింటికి ట్రాక్టరు ట్రాలీ నిండా అల్లం వచ్చింది. పొలంలోంచి అప్పుడే తవ్వింది, కొమ్ము కొమ్ముకూ ఎర్రమట్టి. నలుగురు ఆడవాళ్లు కొంగులు దోపుకున్నారు. మహాదేవమ్మ నన్ను వదిలి వెళ్లి మోటారు వేశారు. లావు పైపులోంచి నీళ్లు దూకి అల్లం మీద పడ్డాయి. ఆడవాళ్లు కాళ్లతో తొక్కుతున్నారు, చేతులతో తిప్పుతున్నారు. మట్టి వదిలి అల్లం పసుపుపచ్చగా బయటపడుతోంది. నాకు ఆ పని చూడటం బాగుంది. టేపు చేతిలో పట్టుకుని అక్కడే, పటంలో నా వాగు ఉన్న చోటే, నిలబడి చూస్తున్నాను.

చెప్పుల్లోకి చల్లగా ఏదో వచ్చింది.

కిందికి చూశాను. ఎర్ర నీళ్లు. రెండు పాదాల మధ్య నుంచి పారి, మొదటి వంపు దగ్గర ఎడమకు తిరిగి, రెండో వంపు దగ్గర కుడికి తిరిగి, నేను గీసిన గీత వెంటే శ్రద్ధగా పోతున్నాయి. మంచి వాసన వస్తోంది. అల్లం వాసన.

ఉపగ్రహం ఫోటో తీసింది అల్లం తవ్వే రోజుల్లోనన్నమాట. మహాదేవమ్మ అల్లం కడిగారు. ఆ నీళ్లు పల్లానికి పోయాయి. నేను వాగు అన్నాను. ఆ వాగు పక్కన ఏమీ కట్టకూడదని ఆవిడకు చెప్పారు. ఎవరి పని వాళ్లం చేశాం.

రొట్టెలు, తిట్లు

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర అనే మా గోంగూర, పల్లీల పొడి పెట్టారు. మా వైపు అతిథికి అన్నం పెట్టకపోతే తప్పు. అక్కడ రొట్టె చల్లారితే తప్పు. ఒకటి అవకముందే ఇంకొకటి, పెనం మీద నుంచి నేరుగా వచ్చి పడుతుంది. అల్లం నీళ్ల సంగతి నేను చెప్పగానే నలుగురు ఆడవాళ్లూ పడీపడీ నవ్వారు. మహాదేవమ్మ నవ్వలేదు.

"ఎవడు గీసిండు సారూ గా గీత? వాని చేతులు వడిపోను! కండ్లున్నయా వానికి? ఒక్కపాలి వచ్చి చూస్తె వాని సొమ్మేం పోతుండె? మా అల్లం కడిగిన నీళ్లను వాగంటడా, రేపు మేం స్నానం చేస్తె సముద్రం అంటడా వాడు?"

సముద్రం అనను, మురుగు అంటాను, దానికి వేరే రంగు ఉంది అని చెప్పబోయి ఆగాను. "పాపం, తెలియక గీసుంటాడు" అన్నాను.

"మీరు మంచోళ్లు గనుక గట్లంటున్నరు. ఇంకో రొట్టె ఏసుకోండ్రి."

వేసుకున్నాను.

గట్టు మీదికి వెళ్లి బాసుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "ఒక గీత తప్పని ఒప్పుకుంటే మిగతావన్నీ మళ్లీ చూడమంటారు. నువ్వు గీసినవి ఎన్ని ఊళ్లలో ఉన్నాయో తెలుసా?" అన్నారు. నాకు తెలుసు. ఆ సంఖ్య నాకూ నచ్చలేదు. "వాగు ఉంటే ఊరికి మంచిదే కదయ్యా. ఏదో ఒక పేరు పెట్టేసి బస్సెక్కు."

నా పుస్తకంలో నాలుగు పేర్లు సిద్ధంగా ఉన్నాయి. నాలుగూ బాగున్నాయి. వాటిలో ఒకటి రాస్తే పని అయిపోతుంది, ఎవరూ అడగరు. వానల్లో ఆ విత్తనం మురుగుతుంది, అంతే. ఒడ్డు నుంచి చూస్తే ఆవిడ రేకుల్లో చిల్లులు కూడా కనబడుతున్నాయి.

బస్టాండుకే వెళ్లాను. బస్సెక్కలేదు. అక్కడి నుంచి నడిచి మునిసిపాలిటీలో పటం సంగతులు చూసే ప్లానింగ్ సారు దగ్గరికి పోయి, రేపు ఒకసారి రమ్మని అడిగాను. ఆయన నెమ్మదస్తుడు. "వాగు చూడటానికా?" అన్నారు. "లేదని చూడటానికండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

మూడో రోజు, ప్లానింగ్ సారు

గురువారం ఆయన వచ్చేసరికి అల్లం కడుగుతున్నారు, వాగు నిండుగా పారుతోంది.

"ఉంది కదయ్యా!" అన్నారు ఆయన.

నేను ఆయన్ని వాగు వెంట పైకి నడిపించాను. నదీ మూలాలు చూడటానికి హిమాలయాలకు పోతారు. మేము నలభై అడుగుల్లో చేరుకున్నాం. వాగు ఒక మోటారులో పుట్టి, అల్లం కుప్ప మీద పడి, షెడ్డు పక్క నుంచి బయలుదేరుతోంది. మహాదేవమ్మ స్విచ్చి కట్టేశారు.

"మోటారు నీళ్లు వాగులో కలుస్తున్నాయి, ఒప్పుకుంటాను. కానీ కింద అసలు వాగు లేదని ఎట్ల నమ్మాలె?" అన్నారు సారు. న్యాయమైన ప్రశ్న. నేనే నిన్న పదకొండింటి దాకా తేల్చుకోలేకపోయాను. ముగ్గురం కుర్చీలేసుకుని వాగు ఆగడం కోసం కూర్చున్నాం. టీ వచ్చింది. అందులో అల్లం ఉంది. నీళ్లు సన్నబడి, తెగి, గుంటలుగా మిగిలి, అవీ ఇంకడం మొదలైంది. సారు ఇంకా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

అరగంటకు పల్లం వైపు నుంచి ఒకాయన పార భుజాన వేసుకుని, ఆ ఎండిన దారి మధ్యలోంచే విసవిసా నడిచి వచ్చాడు. కింది పొలం బస్వరాజు.

"ఏమక్కా, నీళ్లెందుకు బంద్ చేసినవ్? గడ్డికి మడి కడ్తున్న, నడుమల తెగిపాయె!"

"రోజు గీ నీళ్లే కట్టుకుంటవా?" సారు అడిగారు.

"అక్క కడిగితె వస్తయ్, లేకుంటె లేదు సారూ. అక్క ఊరికి పోతే నా గడ్డి ఎండుతది."

ప్లానింగ్ సారు నా వైపు చూశారు. తేలిపోయిందనుకున్నాను. కానీ ఇదంతా ఎందుకో తెలిశాక బస్వరాజుకు వేరే భయం పట్టుకుంది. "వాగు కాదంటె నీళ్లు బందయితయా? గట్లయితె వాగే అని ఉండనియ్యుండ్రి సారూ, మీకేం పోతది?"

"నీకే పోతదిరా!" మహాదేవమ్మ పటం ముక్క ఆయన ముఖం ముందు పెట్టారు. "చూడు, ఈ గీత నీ పొలంకెళ్లి గూడ పోతున్నది. రేపు నువ్వు బర్రెల కొట్టం గూడ ఏసుకునేతందుకు లేదు."

బస్వరాజు గీతను వేలితో తన పొలం దాకా అనుసరించాడు. తర్వాత పార నేలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. "వాగా? ఏం వాగు? మా తాతల కాడికెళ్లి ఈడ వాగు లేనే లేదు సారూ. ఏడ సంతకం పెట్టాలె?"

పెట్టించుకున్నారు. "ఇక ఒక్కటే కావాలె. గీత పొరపాటున గీసినమని గీసినవాళ్లు రాసియ్యాలె. రేపటి లోపట కావాలె. ఎవరు గీసిన్రో మీ ఆఫీసుల కనుక్కోండి" అన్నారు సారు.

"కనుక్కోనక్కర్లేదండి" అన్నాను.

అల్లం ఏరుతున్న ఆడవాళ్ల చేతులు ఆగాయి. మహాదేవమ్మ నన్ను పైనుంచి కిందిదాకా, ముఖ్యంగా చేతుల దగ్గర, చూశారు.

"నిన్న రొట్టె తినుకుంట గూడ చెప్పలే."

"చెబుదామనే అనుకున్నానండి."

"మరేమైంది?"

"రెండో రొట్టె వచ్చేసింది."

ఆడవాళ్లలో ఒకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మహాదేవమ్మ ముఖం మాత్రం కదల్లేదు. విత్తనం మురిగింది ఆవిడది, నవ్వాలో వద్దో తేల్చుకునే హక్కు కూడా ఆవిడదే. చివరికి ఒక ఖాళీ సంచి దులిపి, సంచుల దొంతర మీద పరిచి నాకు బల్ల చేశారు. "తిట్లు తిన్నవ్, రొట్టె తిన్నవ్, సరిపాయె. రాయి."

రాశాను. ఈ చోట వాగు లేదు, నేను చూడకుండా గీశాను, అని రెండే వాక్యాలు. పన్నెండేళ్లలో నేను రాసిన వాటిలో సందేహం లేనివి అవే అనుకుంటాను. ఇక సంతకం మిగిలింది. మిగతా ఊళ్లన్నీ, వాటి నీలం గీతలన్నీ, వరసలో నిలబడి నా వైపు చూస్తున్నట్టు అనిపించింది. వాటిలో ఎన్ని వాగులో, ఎన్ని ఎవరివో కడుగు నీళ్లో, నాకిప్పుడు తెలియదు. ఇలా తెలియకపోవడం కొత్తగా ఉంది. పెట్టాను.

ప్లానింగ్ సారు కాగితాలు మడిచి, "గీత తీసేస్తం. పర్మిషన్‌కు ఇంకొన్ని దినాలు పట్టొచ్చు, వానల కంటె ముందే వస్తది, ఫికర్ చెయ్యకమ్మా" అని వెళ్లిపోయారు.

నేనూ బయలుదేరబోయాను. మహాదేవమ్మ లోపలికి వెళ్లి నాలుగు మేకులు, ఒక తాడు, డబ్బాలో సున్నప్పొడి పట్టుకొచ్చారు.

"పర్మిషన్ రాలేదు కదమ్మా" అన్నాను.

"కట్టేందుకు పర్మిషన్. ముగ్గు వోసేందుకేం పర్మిషన్?"

మేకులు కొట్టారు. అర్ర పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు. ఒక మేకు నుంచి తాడు లాగి రెండో కొస నాకిచ్చారు. ఎంతైనా ఇంజనీరుని, నా పొరపాటు వల్లే ఇన్ని రోజులు పోయాయి, ఈ మాత్రమైనా నా చేత్తో చేద్దామని వంగి సున్నం డబ్బా అందుకోబోయాను.

ఆవిడ డబ్బా వెనక్కు లాక్కున్నారు.

"గీసుడు నేను గీస్త. నువ్వు తాడు పట్టు, సాలు."

పట్టుకున్నాను.